ఓపికుంటే మీరే రాసి పంపండి

పదహారేళ్ళు మోసిన బరువు దించుకున్న మనిషి ఎలా ఉండాలి? గాల్లో తేలుతూ ఉండాలి. మన మేస్త్రీ ఆ ఉదయం అలాగే ఉన్నాడు. కాఫీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా కంప్యూటరు ముందు కూర్చుని, ఎక్కడెక్కడి నుంచో వచ్చిన వీడ్కోలు సందేశాలు ఒక్కొక్కటే పైకి చదివి భార్యకు వినిపిస్తున్నాడు. ఆవిడ ఉతికిన బట్టలు మడతపెడుతూ ఊఁ కొడుతోంది.

"మీరు లేకపోతే నా చదువు ఆగిపోయేది, అని రాశాడు చూడు ఒకాయన."

"నేను లేకపోతే మీ కాఫీ ఆగిపోయేదని ఎవరైనా రాశారేమో చూడండి."

మేస్త్రీ అంటే ఇటుకలు పేర్చేవాడు కాదు. ఒక బీమా కంపెనీలో కంప్యూటర్ల విభాగంలో ఉద్యోగం. ఆ ఉద్యోగం గురించి చెప్పుకోవడానికి అతనికే ఏమీ లేదు, మనకెందుకు? అతని అసలు బతుకు ఆఫీసు నుంచి ఇంటికొచ్చాక మొదలయ్యేది. "పలుకు" అని ఒక సాఫ్ట్‌వేర్ చేశాడు. కంప్యూటరు తెర మీద ఉన్నదంతా పైకి చదివి వినిపిస్తుంది. చూపు లేనివాళ్ళకు అదే కన్ను. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. ఓపెన్ సోర్స్ అంటారు: దాని కోడ్ మొత్తం అందరికీ కనపడేట్టు తెరిచే ఉంటుంది, తప్పు దొరికినవాళ్ళు దిద్ది పంపవచ్చు. అయితే పంపినదల్లా లోపలికి రానిస్తే ఇల్లు సత్రమైపోతుంది కదా! ఏది రావాలో ఏది పోవాలో చూసే మనిషి ఒకడు గుమ్మంలో ఉండాలి. ఇన్నేళ్ళూ ఆ గుమ్మంలో నిలబడ్డది మేస్త్రీయే.

ఆ పేరు పెట్టింది బావ, అంటే అక్క భర్త. బావ అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దేవాడు. అచ్చుతప్పు దొరికితే పెళ్ళిభోజనం దొరికినంత సంబరపడే మనిషి. అలాంటివాడికి కంటి నరాల జబ్బు చేసి, చూపు అంచుల నుంచి లోపలికి తరిగిపోతూ వచ్చి, చివరికి పూర్తిగా పోయింది. మేస్త్రీని దగ్గర పెట్టుకుని చదివించింది ఆ అక్కాబావలే. అందుకే ఒక వేసవిలో సెలవు పెట్టి, వాళ్ళింటి భోజనాల బల్ల మీద వైర్లు పరుచుకుని, కంప్యూటరు చేత మాట్లాడించాడు. అది మొదటిసారి నోరు విప్పగానే బావ చెవి రిక్కించి, "ఎవర్రా ఈ జలుబు చేసినవాడు?" అన్నాడు. అక్క పడీపడీ నవ్వింది. ఆ ఇంట్లో చాలా రోజుల తర్వాత వినపడ్డ నవ్వు అది. ఆ గొంతుకు జలుబుగొంతు అనీ, దాన్ని కట్టినవాడికి గొంతు మేస్త్రీ అనీ పేర్లు ఆ పూటే పడ్డాయి.

జలుబు చేస్తేనేం, ఆ గొంతులో ఒక గుణం ఉంది. ఎంత వేగంగా చదివించినా ఏ అక్షరానికా అక్షరం విడిగా వినపడుతుంది. బావ రోజురోజుకూ వేగం పెంచుకుంటూ పోయాడు. చూపున్నవాళ్ళు పేజీ మీద కళ్ళు పరిగెత్తించినట్టు ఆయన చెవులు పరిగెత్తించడం నేర్చాడు. పక్కన కూర్చుంటే మనకు రేకుల మీద వడగళ్ళు పడ్డట్టు ఉంటుంది తప్ప ఒక్క ముక్క అర్థం కాదు. ఆ చెవులతోనే ఆయన బస్సుల విచారణ ఆఫీసులో ఉద్యోగం సంపాదించాడు. ఒక చెవిలో ఫోను, ఒక చెవిలో జలుబుగొంతు. ఫలానా ఊరికి బస్సెప్పుడండీ అని అవతలివాళ్ళు అడగడం పూర్తయ్యేలోపు ఈ చెవిలో పట్టిక మొత్తం గలగలా చదివించుకుని, "ఇంకో పావుగంటలో ఉంది, మూడో ప్లాట్‌ఫారం మీదికెళ్ళండి" అని చెప్పేసేవాడు. ఆ గదిలో చూపున్నవాళ్ళెవరూ ఆయనంత చురుగ్గా చెప్పలేకపోయేవారు. అదీ ఆయన గర్వం. ఆ గర్వం ఆయనకుండాల్సిందే.

ఈలోగా "పలుకు" పెద్దదైంది. పరాయి దేశాలవాళ్ళు వాడారు, పరాయి భాషలు చేరాయి. పెద్ద పెద్ద సభలకు మేస్త్రీని పిలిచారు. అలాంటి ఒక సభ కోసం మేస్త్రీ కొత్త గొంతు తయారుచేయించాడు. నిజం మనిషి గొంతే, తేనె పూసినట్టుంటుంది. వేదిక మీద ముందు జలుబుగొంతు వినిపించాడు. సభ గొల్లుమంది. మేస్త్రీ కూడా నవ్వాడు. తర్వాత తేనెగొంతు వినిపించాడు. సభ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లు తలకెక్కి, ఇంటికొచ్చిన వారంలోనే జలుబుగొంతు కోడ్ మొత్తం తీసి అవతల పారేశాడు. చప్పట్లు కొట్టినవాళ్ళలో చాలామంది కళ్ళున్నవాళ్ళేనన్న సంగతి అతనికి తట్టలేదు. అతనూ ఏనాడూ తెర ఆర్పేసి ఒక్క పేజీ విన్న పాపాన పోలేదు.

ఆ తర్వాత ఫిర్యాదులు రావడం మొదలైంది. కొత్త గొంతు వినడానికి బాగుంది, కానీ వేగం పెంచితే మాటలు ముద్దయిపోతున్నాయి, పాతది కూడా ఉంచండి, అని. మొదట మర్యాదగానే జవాబిచ్చాడు. పగలంతా ఆఫీసులో చాకిరీ చేసి, సాయంత్రం జీతం లేని చాకిరీకి కూర్చున్న మనిషి. పైగా అడిగేవాళ్ళలో కొందరు వీడేదో తమకు బాకీ ఉన్నట్టు అడుగుతారు. విసుగు రావడంలో తప్పు లేదు. కానీ ఆ విసుగును అతను ఒక వాక్యంగా చెక్కి పెట్టుకున్నాడు. "పాత గొంతుకు కాలం చెల్లింది. నెమ్మదిగా వినడం అలవాటు చేసుకోండి. కావాలంటే కోడ్ తెరిచే ఉంది, ఓపికుంటే మీరే రాసి పంపండి." ప్రతి ఫిర్యాదు కిందా ఇదే అతికించేవాడు. తర్వాత అతికించే ఓపిక కూడా లేక, ఆ పని చేసే చిన్న ప్రోగ్రాం ఒకటి రాసి గుమ్మంలో కూర్చోబెట్టాడు. ఫిర్యాదు రాగానే అది ఆ వాక్యం పడేస్తుంది. అవతలి మనిషి కొన్నాళ్ళు మాట్లాడకపోతే ఫిర్యాదు దానంతటదే మూసేస్తుంది. చూస్తుండగానే ఫిర్యాదులు తగ్గిపోయాయి. "చూశావా, జనం అలవాటు పడ్డారు" అని భార్యతో గొప్పగా అన్నాడు. తలుపు గడియ పెట్టుకుని, వీధిలో గొడవ సద్దుమణిగిందని మురిసిపోయినట్టు.

చివరికి నడుము నొప్పి పట్టుకుంది, ఉత్సాహం తగ్గింది. తనతో పాటు కోడ్ దిద్దే ముగ్గురు సభ్యులకు పగ్గాలు అప్పగించాడు. వాళ్ళలో పెద్ద, వేరే దేశంలో బడిలో లెక్కలు చెప్పే ఆవిడ. అందరూ ఆవిడను టీచరనే పిలుస్తారు. మార్చడానికీ చెరపడానికీ ఉన్న అధికారాల తాళాలన్నీ ఆవిడ చేతిలో పెట్టి, ఇక నేను మీలో ఒకణ్ణే, అని రాసి దణ్ణం పెట్టేశాడు. వాడుకదారుల సంఘంవాళ్ళు గాజు జ్ఞాపిక ఒకటి పంపారు. దాని మీద "లోకానికి గొంతునిచ్చిన చేతులకు" అని చెక్కి ఉంది. దాన్ని సంచీలో పెట్టుకుని, వీడ్కోలు సందేశాలు చదివిన ఆ మధ్యాహ్నమే అక్కావాళ్ళింటికి బయల్దేరాడు. బావ వేళ్ళతో తడిమి చదువుకుంటాడు కదా అని.

అక్క తలుపు తీసింది. లోపలి గదిలోంచి రేకుల మీద వడగళ్ళు వినపడ్డాయి.

మేస్త్రీ చెప్పులు విప్పుతూ విప్పుతూ ఆగిపోయాడు. జలుబుగొంతు! తను నవ్వులపాలు చేసి, తన చేత్తో తీసి పారేసిన గొంతు. ఇన్నేళ్ళలో ఈ ఇంటికి ఎన్నిసార్లు రాలేదు! అయితే బావ ఎప్పుడూ చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని ఉండేవాడు, తను రాగానే తీసేసి కబుర్లలో పడేవాడు. ఆ రోజు హెడ్‌ఫోన్ వైరు తెగి, గొంతు బయటికి వస్తోంది.

"ఎవరూ, మేస్త్రీయా?" బావ చటుక్కున మీట నొక్కి గొంతు ఆపేశాడు. దొంగతనం చేస్తూ దొరికినవాడిలా ఆయన మొహం మాడిపోయింది. సిగ్గుపడాల్సింది ఎవరో, పడ్డది ఎవరో చూడండి.

"బావా, నువ్వింకా పాతదే వాడుతున్నావా?"

"అలవాటైన ప్రాణం రా. కొత్తది బానే ఉంది, బానే ఉంది. నాకే పడలేదు."

"పడకపోతే నాకు చెప్పొద్దా?"

బావ మెల్లగా అన్నాడు. "చెప్పాను. బావనని చెప్తే మొహమాటానికి చేసి పెడతావు. నిజంగా తప్పో, నా చెవిదే చాదస్తమో తెలియాలి కదా! అందుకని అందరూ రాసే చోటే, వేరే పేరు పెట్టి రాశాను. నువ్వు జవాబిచ్చావు కూడా."

"నేనా? ఏమని?"

"ఉండు, చదివిస్తా." బావ వేళ్ళు మీటల మీద టకటకా ఆడాయి. వడగళ్ళు ఒక్క క్షణం కురిసి ఆగాయి. మేస్త్రీకి ఒక్క ముక్క అందలేదు. తను కట్టిన గొంతే, తన మాటలే. బావ నవ్వాడు. "అయ్యో, నీకు అందదు కదూ. నీ చెవికి తగ్గట్టు తగ్గిస్తానుండు."

వేగం తగ్గించాడు. జలుబుగొంతు ఒక్కొక్క మాటే విడివిడిగా, బడిపిల్లవాడు పాఠం ఒప్పజెప్పినట్టు చదివింది. పాత. గొంతుకు. కాలం. చెల్లింది. నెమ్మదిగా. వినడం. అలవాటు. చేసుకోండి. కావాలంటే. కోడ్. తెరిచే. ఉంది. ఓపికుంటే. మీరే. రాసి. పంపండి.

అది చదువుతుండగానే అక్క టీ గ్లాసులతో గదిలోకి వచ్చింది. చివరిదాకా నిలబడి విన్నది.

"ఎవరండీ ఆ పొగరుబోతు? మిమ్మల్నేనా అలా అన్నది?"

బావ, "ఎవరో లేవే, ఆ కంప్యూటర్లవాళ్ళు" అనబోయాడు. మేస్త్రీ తల ఎత్తలేదు.

"నేనే, అక్కా."

అక్క తిట్టి ఉంటే బాగుండేది. నెత్తిన ఒక్కటి మొట్టినా బాగుండేది. చిన్నప్పుడు ఎన్నిసార్లు మొట్టలేదు! ఆవిడ తమ్ముడి వంకా, భర్త వంకా చూసి, గ్లాసు తమ్ముడి ముందు పెట్టి, "తాగు, చల్లారిపోతుంది" అని వెళ్ళిపోయింది. సంచీలో గాజు జ్ఞాపిక సంచీలోనే ఉండిపోయింది. దాన్ని బయటికి తీసే ముఖం అతనికి లేదు.

ఆ తర్వాత బావ చెప్పిన మాట ఇంకా గుచ్చుకుంది. ఆఫీసులో కంప్యూటర్లన్నీ వచ్చే నెల మారుస్తున్నారు. కొత్త వాటిలో పాత "పలుకు" పనిచేయదు. కొత్త "పలుకు" ఒక పూట పెట్టి చూశారు. వేగం పెంచితే ముద్ద, తగ్గిస్తే ఫోనులో జనం బారులు తీరారు. పై అధికారి మంచివాడే. "ఈ పూటకు ఆ కవర్లకు ముద్రలు వేస్తూ ఉండండి" అని చాలా మర్యాదగా అన్నాడట. "వచ్చే నెలలోపు ఏదో ఒకటి చూసుకోండి, లేకపోతే మీకు ఆ కవర్ల పనే ఇస్తాను, ఉద్యోగానికేం భయం లేదు" అని కూడా అన్నాడట.

"కవర్లైతేనేం, పనే కదరా" అన్నాడు బావ. అచ్చుతప్పు దొరికితే ఎగిరి గంతేసిన మనిషి అన్నాడు ఆ మాట.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మేస్త్రీ రచ్చ గెలిచాడు. ఇంట్లో మాత్రం, ఎవరి కోసం ఇదంతా మొదలుపెట్టాడో ఆ మనిషి చెవిలోనే ఓడిపోయాడు.

ఇంటికొచ్చి కంప్యూటరు ముందు కూర్చున్నాక అతనికి తట్టిన మొదటి ఆలోచన ఏమిటో తెలుసా? బావకు గొంతు తిరిగి తేవడం కాదు. ఆ వాక్యాన్ని అక్కణ్ణుంచి చెరిపేయడం. చెరపడానికి వెళ్ళాడు కూడా. తాళాలు నిన్ననే ఇచ్చేశాడు కాబట్టి కుదరలేదు. అప్పుడు వేసింది అసలు సిగ్గు. అంతకుముందుది విసుగులో జారిన మాట, ఇది అసలు బుద్ధి. చెవులు కాలినట్టు వేడెక్కాయి. భార్య వచ్చి ఏమైందంటే దాచకుండా అంతా చెప్పాడు.

"చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే" అంది ఆవిడ. ఆ మొహం చూసి ఇంకేమీ అనలేదు. కాఫీ పెట్టి ఇచ్చింది.

కొత్త గుమ్మంలో అందరిలా నిలబడి విన్నపం రాశాడు: పాత గొంతును తిరిగి చేర్చుకోవాలి, పని నేను చేస్తాను. రాసి, పంపే మీట నొక్కి, కళ్ళు మూసుకున్నాడు. తను కూర్చోబెట్టిన ప్రోగ్రాం తన వాక్యాన్నే తన మొహాన కొడుతుందని తెలుసు. కొట్టించుకోవడానికే సిద్ధపడ్డాడు. తీరా చూస్తే జవాబు ఇంకోలా వచ్చింది. "మీరు చెప్పింది అందింది. మాలో ఒకరు తప్పకుండా చదువుతారు. ఆలస్యమైతే మళ్ళీ గుర్తు చేయండి." పగ్గాలు చేతికి రాగానే టీచరు మార్చిన మొదటిది ఆ వాక్యమేనని అర్థమైంది. అంటే తన వాక్యం ఎంత పొగరుగా ఉందో ఇన్నాళ్ళూ వాళ్ళందరికీ తెలుసు. తనకే తెలియలేదు. ఆ పాత వాక్యమే మొహం మీద పడి ఉంటే, తుడుచుకుపోయేవాడు. మర్యాదను ఎలా తుడుచుకోవాలో తెలియలేదు.

పని అనుకున్నంత తేలిక కాలేదు. పాత కోడ్ వెతికి పట్టుకున్నాడు గానీ, కొత్త ఇంట్లో పాత తలుపు బిగించినట్టు ఎక్కడా అతకలేదు. తను రాసిందే తనకు అర్థం కాక తల పట్టుకున్నాడు. రోజూ సాయంత్రం ఆఫీసు నుంచి నేరుగా అక్కావాళ్ళింటికి వెళ్ళేవాడు. బావ పక్కన కూర్చుని, మొదటిసారి తెర ఆర్పేశాడు. చీకటి తెర ముందు అరపేజీ వినేసరికి తల తిరిగింది. బావ మాత్రం, "ఇదిగో, ఇక్కడ అంకెల దగ్గర నసుగుతోంది", "ఇక్కడ ఒక అక్షరం మింగింది" అని ప్రూఫులు దిద్దినట్టు తప్పులు ఏరేవాడు. ఆయన మొహంలో పాత అచ్చాఫీసు వెలుగు వచ్చింది. ఇద్దరూ పని గురించే మాట్లాడుకునేవారు. మేస్త్రీ గొంతులో ఇంకో మాట రోజూ అడ్డుపడుతూనే ఉంది. తప్పు దిద్దుతున్నాను కదా, ఇక చెప్పేదేముంది అని తనకు తనే సర్దిచెప్పుకునేవాడు. అక్క రోజూ టీ ఇచ్చేది. టీ ఇచ్చేది, అంతే. ఎప్పటిలా పక్కన కూర్చుని కబుర్లు చెప్పేది కాదు.

నెలాఖరుకు టీచరు మొత్తం చూసి, రెండు చోట్ల దిద్దమని చెప్పి, చేర్చుకుంది. కింద ఇంకో మాట రాసింది. "ఇదే సంగతి చాలా ఏళ్ళ కిందట ఒకరు చక్కగా వివరించి రాశారు. ఆ పాత ఫిర్యాదును మళ్ళీ తెరిచి, పరిష్కారమైందని దానికి జోడిస్తున్నాను. దాని కింద మీ జవాబు ఉంది. కావాలంటే తీసేస్తాను. చెప్పండి."

కావాలంటే! అతనికి కావలసిందే అది. ఆ రోజు తాళాల్లేక చేయలేకపోయిన పని ఇప్పుడు ఒక్క మాటతో అయిపోతుంది. అవునని రాయలేదు, వద్దని రాయలేదు. రెండు రోజులు ఆ ప్రశ్న అలాగే వదిలేసి తిరిగాడు.

బస్సుల ఆఫీసులో కొత్త కంప్యూటర్లు పెట్టిన రోజు మేస్త్రీకి ఆఫీసులో కాలు నిలవలేదు. మధ్యాహ్నం దాకా ఓర్చుకుని, మెట్ల దగ్గరికి వెళ్ళి విచారణ నంబరుకు ఫోను చేశాడు. బావ కుర్చీలో ఎవరో కొత్తమనిషి కూర్చుని ఫోను తీస్తే?

"నమస్కారమండీ, ఎక్కడికెళ్ళాలి?" బావ గొంతే! వెనక సన్నగా, రేకుల మీద వడగళ్ళు.

"బావా, నేను."

"ఓరి నువ్వా! బ్రహ్మాండంగా ఉందిరా. పొద్దున్నుంచి ఊపిరాడటం లేదు. ఏదైనా ఊరెళ్ళాలా?"

"కాదు బావా. ఆ రోజు నేనన్న మాట..."

"ఇక్కడ లైన్లో జనం ఉన్నారు, మేస్త్రీ" అన్నాడు బావ. గొంతులో నవ్వుంది, కానీ నవ్వు ఒక్కటే లేదు. "అలాంటివి ఫోన్లో కాదు. ఓపికుంటే రాసి పంపు. చదివించుకుంటా."

ఫోను పెట్టేశాడు.

మేస్త్రీ మెట్ల మీదే కాసేపు కూర్చున్నాడు. పైకీ కిందికీ వెళ్ళేవాళ్ళు తప్పుకుని వెళ్ళారు. తర్వాత ఫోనులోనే టీచరుకు జవాబు రాశాడు: "తీసేయకండి. ఉండనివ్వండి. దాని కింద నేను ఒకటి రాయాలి."

పాత ఫిర్యాదు తెరిచాడు. బావ పెట్టుకున్న వేరే పేరు, ఆయన ఓపిగ్గా రాసిన పదిహేను వాక్యాలు, ఒక్క అచ్చుతప్పు లేదు. దాని కింద తన మాట. దాని కింద, రాయడానికి ఖాళీ. లోకంలో ఎవరైనా వచ్చి చదవగల చోటు అది, బావ ఎంత వేగంతోనైనా వినగల చోటు. "బావా" అని మొదలుపెట్టాడు. కోడ్ రాయడానికి నెల చాలింది అతనికి. ఆ తర్వాతి మాట దగ్గర మాత్రం వేలు ఆగిపోయింది, భోజనం గంట అయిపోయి అందరూ కుర్చీల్లోకి వెళ్ళిపోయినా అతను మెట్ల మీదే ఉన్నాడు.